తెల్లారకముందే వెళ్లినా చేప ఎర ముట్టడం లేదు: ఈ చైత్రంలో మన చెరువులు, ఏర్లు ఎలా ఉన్నాయి?

కొత్తగాలం (చీపురుపల్లి వైపు):
అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఉద్యోగం హైదరాబాద్‌లో. ఉగాదికి వచ్చాను, వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఇంకో నెల ఇక్కడే ఉంటాను. చిన్నప్పుడు తాతయ్య పక్కన కూర్చుని గాలం వేసిన అలవాటు ఉంది. మళ్లీ మొదలుపెట్టాలనిపించింది. ఊరి చెరువును వేలంపాటలో పాడుకున్నవాళ్లను ముందే అడిగాను, ఒక్క గాలమే కదా వేసుకో అన్నారు.

మూడు రోజులు వరసగా తెల్లవారుజామున 5 గంటలకే వెళ్లి కూర్చున్నాను. చేపలు లేవా అంటే కళ్లముందే ఉన్నాయి. గట్టు పొడవునా మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. వాటి మధ్యలోనే ఎర వేశాను. మైదా ముద్ద, ఎర్రలు (వానపాములు), చివరికి మరమరాలు కూడా పెట్టి చూశాను. నీళ్ల మీద తేలే బెండు కదిలితే ఒట్టు. నీళ్లు బాగా పచ్చగా ఉన్నాయి, నడుం లోతు దాటవు. ఎర తప్పా, గాలానికి కట్టిన టంగూసు దారం లావా, ఇంకేమైనా ఉందా? ఈ చెరువు కాకపోతే మడ్డువలస రిజర్వాయరుకు గానీ నాగావళి ఏటికి గానీ వెళ్లడం మంచిదా? ఇంకో మాట, ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం అంటున్నారు, అది మనకు కూడా వర్తిస్తుందా?

నీలిబెండు (బొబ్బిలి):
మైదా వద్దు బ్రదర్. తవుడు దోరగా వేయించి, వేరుశనగ చెక్క పొడి కలిపి, మగ్గిన అరటిపండుతో ముద్ద చెయ్యి. వాసన బాగా పోతుంది. టంగూసు సన్నది వాడు. నాకు ఎప్పుడూ దానితోనే పడతాయి.

ఏటిగట్టు (శ్రీకాకుళం):
నీలిబెండు గారు చెప్పిన ముద్ద మంచిదే, నేనూ అదే వాడతాను. కానీ తమ్ముడూ, ఇక్కడ తప్పు ఎరది కాదు, వేళది. నువ్వు చూసింది చేప మేత కాదు, చేప ఆయాసం.

పచ్చటి నీళ్లంటే కంటికి విడిగా ఆనని సన్నటి నాచు నిండిన నీళ్లు. పగలు ఎండ తగిలితే ఆ నాచు నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు గూకితే వదలడం ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. నాచు, చేపలు, అడుగున కుళ్లే ఆకూ బురదా అన్నీ కలిసి రాత్రంతా ఉన్నదాన్ని పీల్చేస్తాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. చేపల సాగు చేసేవాళ్లు లీటరు నీటికి 5 మిల్లీగ్రాములు ఉండాలని చూసుకుంటారు. 3కి దిగిందంటే చేపకు ఊపిరాడదు. పై పొరకు గాలి తగులుతుంది కాబట్టి మూతి అక్కడ పెట్టి ఆ నీటినే మింగుతుంటుంది. ఊపిరికే తడుముకునే చేప నీ ముద్ద వంక ఎందుకు చూస్తుంది?

ఎండలు ముదిరేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. నీళ్లు తగ్గి చేపలన్నీ కొద్దిచోటులోకి చేరతాయి, పైగా వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. తెల్లారకముందే గాలం వెయ్యాలని పెద్దవాళ్లు చెప్పింది నిండు చెరువుకు, కార్తీక మాసానికి సరిపోయే మాట. చైత్రంలో ఇంకిపోతున్న పచ్చ చెరువుకు అది పనికిరాదు.

రేపు 5 గంటలకు కాదు, ఎనిమిదింటికి వెళ్లు. ముందు గాలం తియ్యకుండా పది నిమిషాలు నీళ్లు చూడు. మూతులు దిగిపోయి, ఎక్కడో ఒకచోట అడుగు నుంచి సన్నటి బుడగలు గుంపుగా లేస్తుంటే అక్కడ మోసు గానీ బంగారుతీగ గానీ బురద తవ్వుకుంటోందని అర్థం. ఇప్పుడది మేతలో ఉంది. ఎనిమిది నుంచి పదిన్నర వరకు ఒక పూట, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే వరకు. సాయంత్రం పూటే నాకు ఎక్కువ నమ్మకం. మధ్యాహ్నం దాటాక మన వైపు సముద్రపు గాలి తిరుగుతుంది కదా, ఆ గాలికి అలలు వచ్చి కొట్టుకునే ఒడ్డున కూర్చో. గాలి ముఖాన కొడుతుంది, కాస్త ఇబ్బందే. కానీ నీళ్లు కదిలే చోట ఊపిరి బాగుంటుంది, తేలే మేతంతా అటే కొట్టుకొస్తుంది.

ఎర లోతు కూడా చూసుకో. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో మేసే చేప. శీలావతి నడిమి నీళ్లలో, మోసు అడుగున. ఇంత పచ్చటి నీళ్లలో బొచ్చెకు నోరు తెరిస్తే మేతే, దాని కోసం కూర్చోవద్దు. బెండు కొంచెం పైకి జరిపి, ముద్ద అడుగుకు ఆనేలా పెట్టి మోసు కోసం చూడు.

ఒక మాట మరవకు. ఎండెక్కి తొమ్మిది అయినా చేపలు ఇంకా మూతులు పైకే పెట్టి ఉంటే గాలం చుట్టేసి, పాట పాడుకున్నవాళ్లకు వెంటనే కబురు చెయ్యి. ఒక డీజిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడి అదే చెరువులోకి చిమ్మితే చాలా చేప బతుకుతుంది. ఆలస్యమైతే ఒక్క రోజులో వాళ్ల ఏడాది పెట్టుబడి తెల్లగా తేలుతుంది.

కొత్తగాలం:
అన్నా, ఇది నాకు అస్సలు తెలియదు. మూడో రోజు మబ్బుగా ఉంది, ఆరోజు మూతులు ఇంకా ఎక్కువ కనిపించాయి. దానికీ ఇదే కారణమా?

ఏటిగట్టు:
అదే. ముందురోజు కూడా మబ్బుపట్టి ఉంటే నాచుకు ఎండ చాలదు, రాత్రికి నిల్వ ఉండదు. ఉక్కపోసి గాలి ఆడని రాత్రి అయితే మరీ కష్టం.

తంపరగడ్డి (రాజాం):
మడ్డువలస సంగతి నేను చెప్తాను. మాకు దగ్గర. సువర్ణముఖి మీద కట్టింది, వంగర మండలం. కొత్త జిల్లాలు వచ్చాక విజయనగరంలోకి వచ్చింది. రిజర్వాయరులో పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది. నీళ్లు లోతు, విశాలం, గాలికి అలలు పడుతూనే ఉంటాయి, చిన్న చెరువంత పచ్చదనం ఉండదు. అక్కడ మాత్రం తెల్లవారుజామే మంచిది. తొమ్మిది దాటితే ఒడ్డు నీళ్లు వేడెక్కి చేప లోపలికి జారుకుంటుంది.

పంటలకు నీళ్లు వదిలాక మార్చి, ఏప్రిల్‌లో నీటి అంచు బాగా వెనక్కి పోతుంది. మీరు ఆ కొత్త అంచున ఎక్కడపడితే అక్కడ కూర్చుంటే మోకాలి లోతు నీళ్లలో వేసినట్టే. డ్యామ్ కట్టకముందు ఏరు పారిన పాత గాడి అడుగున ఇంకా ఉంటుంది. వేసవిలో చేపంతా ఆ గాడి పట్టుకుని ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి బెండు తీసేసి, టంగూసుకు సీసం గుండు ఒక్కటే కట్టి విసరండి. గుండు అడుగుకు తగిలేవరకు మనసులో అంకెలు లెక్కపెట్టండి. మూడుకు తగిలే చోటు పక్కనే ఏడుకో ఎనిమిదికో తగిలిందంటే అదే గాడి అంచు. నేను అలా దొరికిన చోటుకు ఎదురుగా ఒడ్డున రాయి గుర్తు పెట్టుకుంటాను. మునిగిన మోళ్లు ఉంటాయి, రెండు మూడు గాలాలు పోతాయి, తప్పదు.

రిజర్వాయరులో వలలు వేసేవాళ్లు లైసెన్సు కట్టి వేస్తారు. వాళ్ల వల బెండ్లు కనిపించిన దరిదాపుల్లో గాలం విసరకండి. దిగేముందు అక్కడి వాళ్లను అడగండి. తాటిపూడి వెళ్లే ఆలోచన ఉంటే, అది విశాఖకు తాగునీరు ఇచ్చే జలాశయం అని గుర్తుంచుకోండి. చెక్క పిండి కిలోలకొద్దీ చల్లి చేపను రప్పించే పద్ధతి అక్కడ అస్సలు వద్దు, అనుమతి లేకుండా నీళ్లలోకి దిగవద్దు.

జాలరిబిడ్డ (నాగావళి ఒడ్డు):
ఏటి సంగతి మమ్మల్ని అడగాలి అన్నా. మాది తరాలుగా ఏటి మీద బతికిన ఇల్లు. చైత్రానికి నాగావళి చాలాచోట్ల ఇసుక మేటలే. నీళ్లు మడుగులుగా మిగులుతాయి. నారాయణపురం ఆనకట్ట కింద గానీ, ఎక్కడైనా రాతి మలుపుల దగ్గర గానీ మడుగు నిలిస్తే అందులో జెల్లలు, వాలుగ, పరిగెలు, అదృష్టం బాగుంటే కొరమేను. వంశధార కూడా గొట్టా బ్యారేజీ దిగువన సన్నబడిపోతుంది. కళింగపట్నం దగ్గరకు వెళ్తే ఇంకో రకం. పైనుంచి మంచినీళ్లు తగ్గడం వల్ల ఉప్పునీరు మొగ నుంచి లోపలికి ఎక్కుతుంది. అక్కడ బొచ్చె, శీలావతి కోసం చూడకండి, ఆ నీళ్లలో పండుగప్ప తిరుగుతుంది.

ఏట్లో నాకు భయం చేప గురించి కాదు, గోతుల గురించి. ఇసుక తవ్వి వదిలేసిన గోతులు నీళ్ల కింద కనపడవు. పిక్కల లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో మనిషి మునిగిపోతాడు. నిరుడు మా తమ్ముడు చిక్కుకున్న గాలం విడదీయడానికి అలాగే దిగాడు. ముందు అడుగు వరకు ఇసుక గట్టిగా ఉంది, తర్వాత అడుగుకు నేల లేదు. గాలం కర్ర చాచి లాగాం కాబట్టి దక్కాడు. గాలం పోతే పోనివ్వండి, టంగూసు తెంపేయండి. నీళ్లలోకి దిగవద్దు.

ఇంకో బాధ చెప్పుకోవాలి. మడుగులు చిన్నవయ్యేసరికి కొంతమంది రాత్రిపూట వచ్చి బ్లీచింగ్ పౌడరు కలిపేస్తున్నారు, కరెంటు తీగ పెడుతున్నారు. తెల్లారి చూస్తే గోరంత పిల్లతో సహా తేలిపోయి ఉంటాయి. వానలొచ్చి ఏరు కలిసేదాకా ఆ మడుగే వాటికి ఇల్లు. మందుగుండుతో, విషంతో చేపలు చంపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. ఎవరైనా చూస్తే దయచేసి మౌనంగా రావద్దు, ఊళ్లో చెప్పండి.

నిషేధం గురించి అడిగారు కదా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది సముద్రంలో మరపడవలు, మోటారు పడవల వేటకు. చెరువు గట్టున వేసే గాలానికి కాదు. చెరువుకు పాట ఉంటుంది, సంఘం ఉంటుంది, వాళ్ల మాటే అక్కడ లెక్క.

ఏటిగట్టు:
అమ్మా, బ్లీచింగ్ మాట నిజం. మొన్న నేనూ ఒక మడుగు దగ్గర ఆ వాసన పట్టాను. మనసు పాడైపోయింది.

కొరమేను మాట వచ్చింది కాబట్టి తమ్ముడికి చెప్తాను. అది గాలి పీల్చే చేప. నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి వెళ్తుంది. కాబట్టి పచ్చ చెరువులో తెల్లవారుజామున కూడా ఎర ముట్టేది అలాంటి చేపే. తామరాకుల పక్కన, తుంగ మొదళ్లలో గుబుక్కుమని ఒక చప్పుడు, ఒక గుండ్రటి అల, అంతే. అక్కడ చిన్న పరిగె పిల్లను ఎరగా వేస్తే చాలు. అయితే నీళ్ల పైన చింతగింజంత కూడా లేని ఎర్రటి పిల్లలు గుంపుగా, ముద్దగా తిరుగుతుంటే మాత్రం గాలం తీసెయ్యి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. పిల్లల మీదకు ఏది వచ్చినా కొట్టేస్తాయి కాబట్టి ఎర వేసిన మరుక్షణం పడతాయి. పెద్దది పోతే ఆ గుంపును పరిగెలు, నీటికాకులు గంటలో తినేస్తాయి. మా నాన్నగారు ఎర్రపిల్ల కనిపిస్తే ఆ ఒడ్డుకే వెళ్లేవారు కాదు, నేనూ వెళ్లను.

నీలిబెండు:
ఏటిగట్టు గారూ, వేసవి జల్లు పడిన మర్నాడు ఎలా ఉంటుంది? నాకు ఒక్కోసారి బాగా పడతాయి, ఒక్కోసారి ఏమీ ఉండదు.

ఏటిగట్టు:
ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి. చిన్న చెరువులో చల్లటి వాన పడితే పై నీళ్లు బరువెక్కి కిందకు దిగుతాయి, అడుగు నీళ్లు, బురద పైకి కలుస్తాయి. ఆ అడుగు నీళ్లలో ఊపిరి ఉండదు. ఒకటి రెండు రోజులు చేప నీరసంగా ఉంటుంది. ఏరు అయితే వేరు. కొద్దిగా ఎర్రనీరు దిగి మడుగులోకి చేరగానే వాలుగలు, జెల్లలు ఒడ్డుకు వస్తాయి, అప్పుడు ఎర్రలకు మించిన ఎర లేదు. జెల్ల పడితే తల వెనక నుంచి పట్టుకోండి. వీపున ఒకటి, పక్కలకు రెండు ముళ్లు ఉంటాయి. గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెడితే నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

జల్లుకు ముందు మాత్రం ఎవరూ ఒడ్డున ఉండవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన రెండు జిల్లాల్లో పిడుగులు ఎంతమందిని తీసుకుపోతున్నాయో చూస్తున్నాం. ఉరుము వినపడిందంటే కార్బన్ రాడ్ అయినా, వెదురు కర్ర అయినా కింద పడేసి పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి. తాటిచెట్టు కిందకు కాదు.

కొత్తగాలం (నాలుగు రోజుల తర్వాత):
అన్నా, అందరికీ థాంక్స్. మొన్న పొద్దున ఎనిమిదింటికి వెళ్లాను. మూతులు దిగిపోయాయి. తూము దగ్గర బుడగలు కనిపించాయి, నీలిబెండు గారి తవుడు ముద్ద అడుగుకు ఆనించి వేశాను. అరగంట ఏమీ లేదు. తర్వాత బెండు మునగలేదు, అడ్డంగా పడుకుంది. నాకు అర్థం కాలేదు, అలా చూస్తూ ఉండిపోయాను. లాగేసరికి ముద్ద లేదు. నిన్న సాయంత్రం గాలి తగిలే ఒడ్డున కూర్చుంటే మళ్లీ అలాగే పడుకుంది. ఈసారి లాగాను. మోసు, కిలో పైనే ఉంటుంది. నాన్న చేతికి ఇచ్చాను, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బెండు అలా ఎందుకు పడుకుంటుంది అన్నా?

ఏటిగట్టు:
అడుగున ఉన్న ముద్దను మోసు నోట పట్టి తల పైకెత్తుతుంది. దానితోపాటు సీసం గుండు కూడా లేస్తుంది, బెండును నిలబెట్టే బరువు పోతుంది, అది పడుకుంటుంది. పడుకోవడం చూసిన వెంటనే లాగాలి, మునిగేదాకా ఆగితే ఉమ్మేస్తుంది. గుండును గాలానికి ఇంకో రెండు వేళ్లు దగ్గరగా జరుపు, ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.