డిమెన్షియా ఉన్న పెద్దాయనకు, ఆయన్ని చూసుకునే భార్యకు ఎలా తోడుండాలి?

నేను ఫిలడెల్ఫియా దగ్గర ఒక క్వేకర్ మీటింగ్‌కు వెళ్తుంటాను (క్వేకర్లంటే క్రైస్తవంలోంచి వచ్చిన ఒక శాఖ, మీటింగ్ అంటే వాళ్ల ప్రార్థన సమాజం). మా దగ్గర పాస్టర్ ఉండరు, ప్రసంగం ఉండదు. అందరం మౌనంగా కూర్చుంటాం. లోపల ప్రేరణ కలిగినవాళ్లు లేచి నాలుగు మాటలు చెబుతారు.

మాలో ఒక పెద్దాయనకు డిమెన్షియా. ఈమధ్య మళ్లీ మళ్లీ లేచి ఒకే సంగతి చెబుతున్నారు. నిజానికి మాకెవరికీ ఇబ్బంది లేదు, కానీ వాళ్లావిడే మొహమాటపడి ఇద్దరూ రావడం మానేశారు. ఆవిడకూ ఎనభై దాటాయి, రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. ఏమైనా కావాలా అంటే "బాగానే ఉన్నాం" అంటారు. ఇంట్లో ఇలాంటి రోజువారీ సంరక్షణకు మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) సాధారణంగా డబ్బివ్వదు. ఈ చుట్టుపక్కల క్వేకర్లు మొదలుపెట్టిన వృద్ధుల నివాసాలు ఉన్నాయి గానీ, ఆవిడ ఇల్లు వదలరు.

మా మీటింగ్‌లో కష్టంలో ఉన్నవాళ్లకు తోడుండే కేర్ కమిటీలో నన్నూ వేశారు. మేం వంతులవారీగా వెళ్లి ఆయన దగ్గర కూర్చుంటే ఆవిడ కాసేపు పడుకోవచ్చు కదా అని నా ఆలోచన. ఆవిడ నొచ్చుకోకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? స్నానం, మందుల్లాంటివి మాలాంటివాళ్లు చూడొచ్చా, శిక్షణ ఉన్నవాళ్లనే పెట్టాలా? నలుగురం వాళ్లింటికే వెళ్లి మౌన ప్రార్థన చేస్తే ఎలా ఉంటుంది? చర్చి తరఫునో గుడి తరఫునో ఇలాంటిది చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.