రోమా 15:24లో ‘సాగనంపబడుదునని’: ఈ మాట మార్చాలా?

ఒక చెల్లి అడిగిన ప్రశ్న ఇది. రోమా 15:24లో పౌలు తాను స్పెయిన్‌కి వెళ్తూ దారిలో రోమా వాళ్లని చూసి, ‘మీచేత అక్కడికి సాగనంపబడుదునని నిరీక్షించుచున్నాను’ అంటాడు. ఇప్పుడు పేపర్లలో ‘సాగనంపడం’ అంటే పదవిలోంచి దించెయ్యడం, వదిలించుకోవడం కదా, కొత్తగా చదివే పిల్లలు తప్పుగా అర్థం చేసుకోరా, ‘పంపబడుదునని’ అంటే సరిపోదా అని.

మార్చకూడదు అనే నేనంటాను. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క క్రియలో తొలి సంఘాల సువార్త పని ఎలా నడిచిందో చాలావరకు కనబడుతుంది.

గ్రీకులో ఇక్కడున్న క్రియ ప్రొపెంపో. కొత్త నిబంధనలో తొమ్మిదిసార్లు వస్తుంది, మూడు అపొస్తలుల కార్యాల్లో, ఆరు ఉత్తరాల్లో. కార్యాల్లో ఉన్నది ముఖ్యంగా వెంట నడవడమే. మిలేతులో ఎఫెసు పెద్దలు ఏడుస్తూ పౌలుని ఓడ దాకా దిగబెడతారు. తూరులోనైతే భార్యాపిల్లలతో సహా అందరూ ఊరి బయటిదాకా వచ్చి సముద్రపు ఒడ్డున మోకాళ్ల మీద ప్రార్థన చేసి మరీ వెనక్కి వెళ్తారు. ఉత్తరాల్లోకి వచ్చేసరికి ఈ సాగనంపడంలో ఖర్చు కూడా చేరుతుంది. తీతు 3:13 చూడండి: జేనాని, అపొల్లోని సాగనంపు, వాళ్లకి ఏమీ తక్కువ కాకూడదు అని ఆ వాక్యంలోనే ఉంది. అంటే దారిలో తిండి, ఓడ కిరాయి, అవసరమైతే తోడు మనిషి. ఇది క్రైస్తవులు కొత్తగా పెట్టుకున్న అర్థం కూడా కాదు. క్రీస్తుకి ముందటి యూదుల చరిత్ర చెప్పే మక్కబీయుల మొదటి గ్రంథం 12వ అధ్యాయంలో రోమా వాళ్లు యూదుల రాయబారుల చేతికి ఉత్తరాలిచ్చి, దారిలో ఉన్న అధికారులు వీళ్లని క్షేమంగా యూదయకి చేర్చాలని రాస్తారు, అక్కడా ఇదే క్రియ.

మనం ఆడపిల్లని అత్తారింటికి సాగనంపేటప్పుడు సారె పెట్టి, తోడుగా ఎవరినో ఒకరిని పంపుతాం కదా, ఆ అర్థమే ఇది. పాత అనువాదకులు ఈ మాటని వెతికి పట్టుకుని, రోమా పత్రికలో, కొరింథు పత్రికల్లో, తీతులో, 3 యోహానులో వరుసగా వాడారు. నాకు వాళ్ల మీద చాలా గౌరవం ఉంది.

ఇక ‘పంపబడుదునని’ ఎందుకు కుదరదంటే, పంపడానికి పౌలు దగ్గర వేరే క్రియ ఉంది, అపొస్తెల్లో. రోమా 10:15లో ‘పంపబడనియెడల ఎట్లు ప్రకటించుదురు’ అన్నది అది. పంపేది దేవుడు. పౌలు అప్పటికి రోమా చూడనే లేదు, క్రీ.శ. 50వ దశకం చివర్లో కొరింథులో కూర్చుని రాస్తున్నాడు, ఆ సంఘం ఆయన పెట్టింది కాదు, ఆయన్ని పంపే అధికారం వాళ్లకి లేదు. వాళ్లని ఆయన అడుగుతున్నది సాగనంపమని. రెండు చోట్లా ‘పంపు’ అని పెడితే ఈ తేడా పోతుంది. చాలామంది రోమా పత్రికని సిద్ధాంతాల పుస్తకంలాగా 8వ అధ్యాయం దాకానో 12 దాకానో చదివి ఆపేస్తారు. 15 దాకా వస్తేనే తెలుస్తుంది, అంత పెద్ద ఉత్తరం రాసిన మనిషి చివర్లో ముఖపరిచయం లేనివాళ్లని ఎంత మర్యాదగా దారి ఖర్చు అడుగుతున్నాడో.

కింద కామెంట్లలో ఒక అన్న రాశారు: ‘కొరింథు వాళ్ల దగ్గర ఏమీ తీసుకోనని పౌలే గట్టిగా అన్నాడు, మరి 1 కొరింథీ 16:6లో వాళ్లనే సాగనంపమంటాడేంటి?’

మంచి పట్టు అన్నా. రెండూ వేరు. వాళ్ల ఊళ్లో ఉండి బోధిస్తున్నంతకాలం వాళ్ల మీద ఆధారపడలేదు, లోటుంటే మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులు తీర్చారని 2 కొరింథీ 11:9లో చెప్తాడు. అక్కణ్ణించి ముందుకి బయల్దేరేటప్పుడు మాత్రం దారి సంగతి వాళ్ల చేతుల్లో పెడతాడు. నేను చదివినంతలో ఆయన పద్ధతి ఇదే అనిపిస్తుంది: ఇప్పుడు వాక్యం వింటున్నవాళ్ల దగ్గర కాదు, ఇంకో ఊళ్లో వినబోయేవాళ్ల కోసం అడగాలి. ఈ రోజుల్లో పరిచర్య పేరు మీద కానుకలు అడిగే మనవాళ్లు ఈ రెండు పత్రికలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇంకొకరు ‘చనిపోయినవాళ్లని సాగనంపడం’ గురించి అడిగారు. విచిత్రం ఏంటంటే పాత గ్రీకులోనూ శవం వెంట నడిచి సాగనంపడానికి ప్రొపెంపోనే వాడేవారు. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ సంఘాధ్యక్షుడు ఇగ్నాతియుని మృగాల పాలు చెయ్యడానికి సైనికులు రోమాకి తీసుకెళ్తుంటే ఫిలిప్పీ మీదుగా వెళ్లాడు. ఆ తర్వాత స్ముర్న పెద్ద పాలికార్పు ఫిలిప్పీయులకి రాసిన ఉత్తరం మొదట్లోనే, సంకెళ్లలో ఉన్నవాళ్లని మీరు సాగనంపారని సంతోషంగా రాస్తాడు. ఇదే క్రియ. సువార్త పని మీద వెళ్లేవాడికీ, చావుకి వెళ్లేవాడికీ ఆ సంఘాలు చేసింది ఒకటే.

నాకు నిజంగా అభ్యంతరం ఉన్నది 3 యోహాను దగ్గర. ఒక పపైరస్ (అప్పట్లో కాగితంలా వాడింది) తావుకి సరిపోయే చిన్న ఉత్తరం అది (‘సిరాతోను కలముతోను’ అని అందులో ఉంది చూడండి, గ్రీకులో కలమోస్, అదే అరబీ మీదుగా మన కలం అయింది). ఊరూరా తిరిగే సహోదరుల్ని, ఉత్తరం ఎవరికి రాశారో ఆ గాయు ఇంట్లో పెట్టుకుని ఆదరిస్తున్నాడు, సంఘంలో పెత్తనం కోరుకునే దియొత్రెఫే తను చేర్చుకోడు, చేర్చుకునేవాళ్లని సంఘంలోంచి వెళ్లగొడుతున్నాడు. 6వ వచనంలో ‘నీవు వారిని సాగనంపినయెడల నీకు యుక్తముగా ఉండును’ అని తెలుగు. గ్రీకులో ‘కలోస్ పొయేసెయిస్’, పపైరస్ ఉత్తరాల్లో ఏదైనా పని చేసిపెట్టమని అడిగేటప్పుడు మామూలుగా రాసే మాట, మన ‘దయచేసి’ లాంటిది. ఉత్తరం రాసిన పెద్దాయన గాయుకి నీతి చెప్పడం లేదు, ఒక ఉపకారం అడుగుతున్నాడు.

తర్వాత 8వ వచనంలో ‘సత్యమునకు సహాయకులమవునట్టు’ అని ఉంది. గ్రీకులో సునెర్గోయి. రోమా 16:3లో ప్రిస్కిల్ల, అకులల్ని పౌలు పిలిచింది కూడా అదే మాటతో, అక్కడ మన అనువాదం ‘జతపనివారు’ అంది, ఎంత చక్కటి మాట! అది ఇక్కడ కూడా ఉండాల్సింది. సహాయకుడు అంటే పని వేరేవాళ్లది, మనం కాస్త చెయ్యి వేశాం అన్నట్టుంటుంది. 3 యోహాను అలా చెప్పడం లేదు. గాయు బయటి ఊరు వెళ్లి ప్రకటించినట్టు ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన చేసింది వచ్చినవాళ్లని ఇంట్లో పెట్టుకుని ఆదరించడం, ఇప్పుడు ఆయన్ని అడుగుతున్నది వాళ్లని సాగనంపమని, అంతే. అలాంటివాళ్లందరినీ కలుపుకుని ‘మనం’ అంటూ ఆ పెద్దాయన జతపనివారు అన్నాడు. మీ బైబిల్లో 8వ వచనం పక్కన ఆ మాట రాసి పెట్టుకోండి.