ఆసుల కండెనా, ఆసుల కండనా?

పోచంపల్లి బిడ్డ: పెద్దలకు ఒక చిక్కుముడి. మా అమ్మమ్మ ఊకె ఒక మాట అనేది. "ఆసుల కండె అరిగె, ... పేరు పెరిగె." ఆసు అంటే నేతకు ముందు నూలు సర్దే పని, ఆ చట్రం గూడ; కండె అంటే నూలు చుట్టే చిన్న గొట్టం. సామెతల నడుమ మాట పోయింది. ఎవరి పేరు పెరిగిందో ఎంత గింజుకున్నా యాదికొస్తలేదు. నిన్న అమ్మ భుజానికి నూనె రాస్తుంటే ఈ ముక్క నోటికొచ్చింది, ఇగ నిద్ర లేదు. ఎవరన్న విన్నరా?

గద్వాల వాసి: "ఆసులో కండె లెక్క తిరుగుడు" అందరికీ తెలిసిందే. మీ అమ్మమ్మ దానికి తోక తగిలించి ఉంటది. కాకుంటే కండె అరగడమేంది? కండె మీద నూలు ఒడుస్తది గాని కండె అరగదు. అది "కండ". చివరి ఎత్వం మీ చెవి పుట్టించింది.

రిటైర్డు పంతులు: కండ అయితే "కరిగె" అనాలి కదా నాయనా. కండలు కరుగుతాయి, ఎముకలు అరుగుతాయి. "ఆసుల కండ కరిగె". ఆ రెండు కకారాలు పక్కపక్కన ఎంత ముద్దుగా కూర్చున్నాయో చూడండి. పెరిగెతో ప్రాసకూ లోటు లేదు.

పుట్టపాక కోడలు: సార్, యతి మీకు చెప్పేటంత దాన్ని కాదు గాని, ఆసుల–అరిగె, ఆ–అ కుదురుతున్నది కదా. కరిగె అంటే అది పోతది.

రిటైర్డు పంతులు: అమ్మా, ఇది సామెత. సామెతకు యతి ఏమిటి?

గద్వాల వాసి: ఇప్పుడే రెండు కకారాలని మురిసిపోయింది ఎవరు సార్ 🙂 సరే, అసలు సంగతికొస్తా. కండె తిరగాలంటే ఆసు పడుగుది, అంటే నిలువు నూలుది కావాలె. కర్రలు పాతి, నూలు పట్టుకొని ఈ కొసకెళ్లి ఆ కొసకు నడిచే పని. తిరిగేది మనిషి, చేతిల తిరిగేది కండె. సామెత అక్కడ పుట్టింది. మీ నల్లగొండ ఆసు కూసొని పోసేది, దానికి ఈ సామెత అతకదు.

పుట్టపాక కోడలు: అతకదా! మా ఆసు పేకకు, అంటే అడ్డం నూలుకు. చిటికి కట్టాలంటే, అంటే రంగుల అద్దే ముందు డిజైను కోసం నూలును ముడులు కట్టాలంటే, ముందు పేక నూలు ఆసు మీద సర్దాలె. నడుమ ఒక మేకు, ఎదురుంగ సగం చందమామ లెక్క మేకుల వరస. కూసున్న కాడనే కుడిచెయ్యి నడిమి మేకు నుంచి ఎదుటి మేకుకు పోయి రావాలె. ఒక్క చీరకు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. నేను పెండ్లయి వచ్చిన కొత్తల మా అత్తమ్మ పక్కన కూసొని నాలుగొందలు పోసి లేచిన. ఆమె నవ్వలేదు, తిట్టలేదు, నా చేతిల దారం తీసుకొని పోసుకున్నది. అరిగేది భుజం కీలు. "అరిగె" మాటను ముట్టుకోకండి.

రిటైర్డు పంతులు: "కమలాక్షు నర్చించు కరములు కరములు" అన్నాడు పోతన. ఆ రెండో "కరములు"లో ఉన్న బరువు చూడండి, మొదటిది ఉత్త చేతులు, రెండోదానికి సార్థకత...

పోచంపల్లి బిడ్డ: సార్, పోతన మొదలువెడితే మీరు తెల్లారిదాక ఆగరు. మా అమ్మ చేతులు కమలాక్షుని దాక లేవవు. నాకు జడ వేసేటప్పుడు ఆమె మంచం మీద, నేను కింద నేల మీద. చెయ్యి భుజం దాటి లేస్తే గద!

సూర్యాపేట నుంచి ఒకరు: పేక అంటే మా దిక్కు ఆసు, రాజు, రాణి. ఆ పేకల ఆసే పెద్దది. ఈ పేకల ఆసుకు కూలే లేదు.

పుట్టపాక కోడలు: 👆 ఇది రాసిపెట్టుకుంటున్న. మగ్గం మీద కూసున్నాయన "నేతగాడు", ఆసు కాడ కూసున్నామె "ఇంటామె". చీర ధరల ఆమె చెయ్యి ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

గద్వాల వాసి: 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం 35 లక్షల పైచిలుకు మంది. అందులో నూటికి 72 మంది ఆడవాళ్లే.

పుట్టపాక కోడలు: అన్నా, ఆ లెక్కల అస్సాం, ఈశాన్య రాష్ట్రాలు ఎక్కువ. అక్కడ మగ్గం మీద కూసునేదే ఆడవాళ్లు. మనకాడ ఆసు, కండెలు చుట్టుడు "అనుబంధ పని". అనుబంధం! ఆ మాట మీద ఇంకో చర్చ పెట్టొచ్చు.

సూర్యాపేట నుంచి ఒకరు: నాకు తట్టింది చెప్తా. శారాజిపేట చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు మిషన్ తయారు చేసిండు. తల్లి పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు. 2017ల పద్మశ్రీ వచ్చింది. "ఆసుల కండ అరిగె, అమ్మ పేరు పెరిగె". సరిపోయింది చూడుండ్రి!

పోచంపల్లి బిడ్డ: ముద్దుగ ఉంది గాని, మా అమ్మమ్మ 1991లనే పోయింది.

రిటైర్డు పంతులు: అయితే "మగని పేరు". అర్థం అదే అడుగుతోంది.

గద్వాల వాసి: "చీర పేరు". ఊరి పేరుతో అమ్ముడుపోయే చీర కదా. "సేటు పేరు" కూడా కావచ్చు. అన్నీ రెండేసి అక్షరాలు దగ్గరే ఉన్నాయి.

రిటైర్డు పంతులు: మగని మూడు నాయనా.

పోచంపల్లి బిడ్డ: ఆగలేక ఇప్పుడే అమ్మకు ఫోన్ చేసిన. ఇంట్ల ఆసు మిషన్ నడుస్తున్నది, మా మరదలు దాని కాడ ఉన్నది. అమ్మ చెప్పింది గాని, "అరిగె" ఒక్కటే వినపడ్డది. దాని ముందుమాట, వెనకమాట మిషన్ చప్పుడుల కలిసిపోయినయి. "కండెనా, కండనా అమ్మా?" అంటే "ఆ!" అన్నది. కరెంటు పోయినంక మళ్ల చేస్తా.