బాకాలో బతికే గొంతు ఏది? గ్రోలా, స్క్రీచా? ఒక్కొక్క ఆల్బమ్ చెప్పండి

మైక్‌సెట్_ఇజీనారం:

మాది విజయనగరంలో మైక్ సెట్టు షాపు. పెళ్ళిళ్ళు, సభలు, పండగలు, అన్నీ చేస్తాం. పైడితల్లి సిరిమాను పండగ వచ్చిందంటే గోడౌన్‌లో ఒక్క బాకా (గరాటు ఆకారపు స్పీకరు) కూడా మిగలదు. ఇదంతా ఎందుకంటే, నేను మెటల్ (హోరెత్తే గిటార్ల రాక్ సంగీతం) విన్నది హెడ్‌ఫోన్లలో తక్కువ, రిపేరుకొచ్చిన బాక్సుల్లో ఎక్కువ. డ్రైవర్ (బాక్సులో శబ్దం పుట్టించే భాగం) మార్చాక టెస్టింగ్‌కి అందరూ సినిమా పాట పెడతారు, నేను డార్క్‌త్రోన్ బ్యాండ్ పెడతాను. మా నాన్న విని, "అది ఇంకా బాగవలేదురా, గరగరలాడుతోంది, మళ్ళీ విప్పు" అంటాడు.

ఇప్పుడు గొడవేటంటే, మా బావది శ్రీకాకుళం. వాడు డెత్ మెటల్, అంటే లోతుగా గుర్రుమనే గ్రోల్ గొంతు. నేను బ్లాక్ మెటల్, అంటే పైస్థాయిలో కీచుమనే స్క్రీచ్. మొన్న షాపుకొచ్చినప్పుడు ఊరికే ఉండలేక, పెద్ద బాకా ఒకటి స్టాండుకి కట్టి కేనిబల్ కార్ప్స్ బ్యాండ్ డెత్ ఆల్బమ్ బుచర్డ్ ఎట్ బర్త్ పెట్టాం. గిటార్ కింది సగం లేదు, గొంతు ఎక్కడుందో తెలీదు, డ్రమ్ము మాత్రం టకటకమంటోంది. అదే బాకాలో డార్క్‌త్రోన్ వాళ్ళ ట్రాన్సిల్వేనియన్ హంగర్ పెడితే మొత్తం పాట బయటికొచ్చింది. ఏమీ పోలేదు. పోవడానికి అందులో బేస్ ఉంటే కదా!

నా వాదన సింపుల్. పాడు స్పీకర్లో కూడా నిలబడేదే అసలు గొంతు. బ్లాక్ మెటల్ అరుపు గోడకవతలున్నా వినిపిస్తుంది. డెత్ గ్రోల్‌కి మంచి బాక్సు, సబ్‌వూఫర్, ఏసీ హాలు, అన్నీ కావాలి. బావేమో, "ఆ లెక్కన లారీ హారన్ మీ అందరికంటే పెద్ద సింగర్‌రా" అంటాడు.

కాబట్టి మీరు చెప్పండి. గిటార్లు, డ్రమ్ములు పక్కన పెట్టేసి, గొంతు కోసమే వినమంటే డెత్‌లో ఒకటి, బ్లాక్‌లో ఒకటి ఏ ఆల్బమ్ ఇస్తారు? పది పేర్ల లిస్టు వద్దు.

ఇంకోటి. బావకి పాడాలని సరదా. మా మైకు పట్టుకుని గ్రోల్ మొదలుపెడతాడు, రెండో నిమిషానికి దగ్గు. మర్నాడు గొంతు బొంగురు. పైగా మైకు తలని పిడికిలితో మూసేస్తాడు, వెంటనే ఫీడ్‌బ్యాక్ కూత. ఎంత చెప్పినా వినడు, వీడియోల్లో అందరూ అలాగే పట్టుకుంటారంట. ఎవరైనా వాడికి అర్థమయ్యేలా చెప్పండి.

బొబ్బిలి_బ్లాస్ట్‌బీట్:

బాకాని జడ్జిగా కూర్చోబెడితే బ్లాక్ మెటల్ గెలవక ఏం చేస్తుంది తమ్ముడూ. అయినా నీ టెస్టులోనే తేడా ఉంది. నువ్వు పెట్టింది 1991 ఆల్బమ్. అప్పుడు పాడింది క్రిస్ బార్న్స్. ఆయన పాడితే పాటల పుస్తకం ముందు పెట్టుకున్నా ఏ లైన్‌లో ఉన్నామో తెలీదు. అదే బ్యాండ్ 1996లో తెచ్చిన వైల్ పెట్టు. అప్పటికి కార్ప్స్‌గ్రైండర్ ఫిషర్ వచ్చేశాడు. ఆయన క, ట, ప లాంటి అక్షరాల్ని కొట్టి మరీ పలుకుతాడు. మాట తెలిసేది బేస్‌లో కాదు, మిడ్‌లో, అంటే మధ్య స్థాయి శబ్దంలో. ఆ మిడ్ నీ బాకాలో బ్రహ్మాండంగా వస్తుంది. షాపు నడిపేవాడివి, నీకు నేను చెప్పాలా?

గొంతు కోసం ఒక్కటే అంటే నా ఓటు ఒబిచ్యురీ స్లోలీ వి రాట్, 1989. జాన్ టార్డీ చాలాచోట్ల మాటలే పాడడు. సాహిత్యం పూర్తిగా రాసుకోకుండానే ఆ పాటలు పాడేశాడు. నోట్లోంచి వచ్చే శబ్దం ఎటు పోతే అటు పోతాడు. ఒక అచ్చుని సాగదీసి, మధ్యలో విరిచి, చివర కక్కేస్తాడు. నేను మొదటిసారి విన్నప్పుడు ఇంగ్లిష్ రాకపోవడం నాకు అడ్డు కాని మొదటి బ్యాండ్ ఇదే అనుకున్నా. ఎందుకంటే ఇంగ్లిష్ వచ్చినవాడికీ నాకూ అక్కడ తేడా లేదు!

సఫకేషన్ బ్యాండ్ ఆల్బమ్ ఎఫిజీ ఆఫ్ ది ఫర్గాటెన్ చెప్పకుండా ఉండలేను. పాడింది ఫ్రాంక్ ముల్లెన్. గొంతు డ్రమ్ముతో కలిసి పడుతుంది, అదీ పాయింటు. కానీ ఒక్కటే అన్నావు కాబట్టి టార్డీ.

బ్లాక్‌లో మేహెం, డి మిస్టీరియీస్ డామ్ సతానస్, 1994. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

రాజాం_రిఫ్:

ఓపెత్, బ్లాక్‌వాటర్ పార్క్, 2001. లోతైన గ్రోలూ ఉంది, మామూలు పాటా ఉంది, పాడింది ఒక్కడే. పంచాయితీ అయిపోయింది. టీ తాగి ఇళ్ళకి పోండి.

బొబ్బిలి_బ్లాస్ట్‌బీట్:

వచ్చాడండీ. ఏ గొడవకైనా ఓపెత్ పట్టుకొచ్చేవాడు ఒకడుంటాడు. బ్లాక్ మెటల్ ఆల్బమ్ ఏదని అడిగితే అదేటి సమాధానం?

కాంభోజి_కోర్:

అన్నా, రెండో ప్రశ్నకి నేను చెప్తాను. మీ ఊళ్ళోనే మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కాలేజీ. అక్కడ పొద్దున్నే మంద్రస్థాయిలో సాధన చేసి, సాయంత్రం హాస్టల్ గదిలో తలగడ అడ్డం పెట్టుకుని గ్రోల్ ప్రాక్టీసు చేసినదాన్ని. మా మేడమ్‌కి తెలిస్తే ఏమయ్యేదో.

మీ బావగారు చేస్తున్నది గ్రోల్ కాదు, గొంతు చించుకుని కేకలేయడం. మనం మాట్లాడేటప్పుడు ఆడేవి స్వరతంత్రులు. వాటికి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి, వాటిని ఫాల్స్ కార్డ్స్ అంటారు. లోతైన గ్రోల్‌లో ఆ గరుకంతా ఎక్కువగా ఆ పై మడతలు అదరడం వల్ల వస్తుంది. బరువైన సామాను ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి "హ్" అంటాం కదా, అప్పుడు బిగిసేది అక్కడే. బాక్సులు మోసేవాళ్ళు కాబట్టి మీ బావగారికి చూపించడం తేలిక. ఒక బేస్ బాక్సు ఎత్తమనండి, ఎత్తేటప్పుడు గొంతులో ఎక్కడ బిగిసిందో గమనించమనండి. తర్వాత బాక్సు దించేసి, ఆ బిగువుని సగానికి తగ్గించి, గట్టిగా నిట్టూర్చినట్టు గాలి వదలమనండి. చిన్నగా గుర్రుమంటుంది. అంతే. మొదట అంత చిన్నగానే ఉండాలి. పెద్దది చేయాల్సింది మైకు, గొంతు కాదు. రికార్డింగ్‌లో గోడలు కదిలిపోతున్నట్టు వినిపించే గ్రోల్ పక్కన నిలబడి వింటే చాలాసార్లు మామూలు మాట కంటే కొంచెం పెద్దగా ఉంటుందంతే.

బ్లాక్ మెటల్ అరుపుని చాలామంది ఫ్రై పద్ధతిలో చేస్తారు. పొద్దున నిద్ర లేవగానే గొంతులో వచ్చే జీర ఉంటుంది చూడండి, దాన్ని పైస్థాయికి తీసుకెళ్ళడం. దానికి గాలి తక్కువ చాలు. గాలి ఎక్కువ తోస్తే మంట పుడుతుంది. మంటగానీ దురదగానీ వచ్చిన క్షణంలో ఆపేయాలి. దగ్గు వచ్చేదాకా ఆగకూడదు. మర్నాటికి బొంగురు ఉంటే ఆ రోజు అసలు ముట్టుకోకూడదు, గుసగుసగా మాట్లాడటం కూడా వద్దు. వారాల తరబడి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ని కలవాలి. మిరియాల పాలతో సరిపెట్టుకోవద్దు.

మైకు మూయడం గురించి మీకే బాగా తెలుసు. మైకు జాలీ వెనక వైపు సందుల్ని చెయ్యి మూసేస్తే, ఎదురుగా ఉన్న గొంతునే పట్టుకునే గుణం పోయి, అన్ని వైపుల నుంచీ తీసుకుంటుంది. అందుకే కూత. కొంచెం లావుగా వినిపిస్తుంది కాబట్టి పాడేవాడికి సరదా, అంతే.

నా ఆల్బమ్ డెత్‌లో ఆర్చ్ ఎనిమీ వేజెస్ ఆఫ్ సిన్, 2001. మెలోడిక్ కదా, అది డెత్ కాదు అనేవాళ్ళు ఇప్పుడు బయల్దేరతారని తెలుసు. ఏంజెలా గోసో గొంతు విని అది ఆడపిల్ల అని నేనే పోల్చుకోలేదు. పోల్చుకున్న రోజున తలగడ కొన్నాను. బ్లాక్‌లో ఎంపరర్ ఇన్ ది నైట్‌సైడ్ ఎక్లిప్స్. వాళ్ళ గాయకుడు ఈశాన్ అరుపు కీబోర్డుల వెనకెక్కడో దూరంగా ఉంటుంది. గొంతు కోసమే వినేవాళ్ళకి అది నచ్చదు, నాకు ఆ దూరమే ఇష్టం.

ఉద్దానం_ఫ్రాస్ట్:

మాది పలాస వైపు. ఉద్యోగం బెంగళూరులో. మీ బావాబామ్మర్దులిద్దరూ రెండు వేరే వేరే బ్యాండ్లు, వేరే స్టూడియోలు, వేరే గొంతులు పెట్టి పోలుస్తున్నారు. టెస్టు ఇలా చెయ్యండి. డార్క్‌త్రోన్ మొదటి ఆల్బమ్ సోల్‌సైడ్ జర్నీ, 1991. పక్కా డెత్ మెటల్. స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియోలో చేశారు, ఎన్‌టూంబ్డ్ బ్యాండ్ ఆల్బమ్ లెఫ్ట్ హ్యాండ్ పాత్ తయారైన చోటే. ఆ మరుసటి ఏడు ఎ బ్లేజ్ ఇన్ ది నార్తర్న్ స్కై వచ్చింది, అది బ్లాక్. రెండింట్లోనూ పాడింది నాక్టర్నో కల్టోనే. ఒకే మనిషి గ్రోలూ స్క్రీచూ మీకు దొరికాయి. ఒకే బాకాలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి వినండి.

ట్రాన్సిల్వేనియన్ హంగర్ బాకాలో బాగుందంటే, దాన్ని అలాగే తీశారు తమ్ముడూ. డార్క్‌త్రోన్ డ్రమ్మర్ ఫెన్రిజ్ నాలుగు ట్రాక్‌ల రికార్డర్ మీద చేశాడు. పల్చగా, గీసినట్టుగా ఉండాలనే. బర్జమ్ ఫిలోసోఫెమ్‌లో ఇంకా ముందుకెళ్ళి, దొరికినవాటిలో అధ్వాన్నమైన మైకు ఇమ్మని అడిగి, హెడ్‌సెట్ మైకులో పాడారు. బర్జమ్ అంటే ఒక్కడి బ్యాండే, ఆ మనిషి హత్య చేసి, చర్చిలు తగలబెట్టి జైలుకెళ్ళినవాడు. ఆ శబ్దం గురించి మాట్లాడతాను గాని, టీషర్టు మాత్రం కొనను. ఈ విషయంలో నాతో వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇక్కడ వద్దు.

ఇంక మేహెం. వాళ్ళ గాయకుడు డెడ్ (అది అతని స్టేజీ పేరు) 1991లో చనిపోయాక, హంగరీ నుంచి అటిలా చిహార్ వచ్చి డి మిస్టీరియీస్ పాడాడు. లైవ్ ఇన్ లైప్‌జిగ్ విని డెడ్ గొంతుకి అలవాటుపడ్డవాళ్ళకి అటిలా మింగుడు పడలేదు. ఎందుకంటే ఆయన అరవడు. మూలుగుతాడు, జపం చేస్తున్నట్టు సాగదీస్తాడు, ఒక్కోచోట పీక నొక్కుతున్నట్టు ఆగిపోతాడు. టైటిల్ పాట ఒక్కటి చాలు. బ్లాక్ మెటల్‌లో గొప్ప గొంతు అని నేను చెప్పేది ఇదే. అందులో స్క్రీచ్ దాదాపు లేదు. అటు చూస్తే డెత్ అనే పేరున్న బ్యాండ్‌నే చూడండి. 1987 స్క్రీమ్ బ్లడీ గోర్‌లో చక్ షుల్డినర్ గ్రోల్ చేస్తాడు. 1998 ది సౌండ్ ఆఫ్ పర్సివరెన్స్‌కి వచ్చేసరికి పైస్థాయిలో కీచుమంటాడు, చివర్లో జూడస్ ప్రీస్ట్ బ్యాండ్ పాట పెయిన్‌కిల్లర్ ఎత్తుకుంటాడు కూడా. డెత్ మెటల్‌కి పునాది వేసినవాడే గ్రోల్ వదిలేస్తే, మీరు గ్రోల్ జెండా పట్టుకుని ఏం చేస్తారు?

నా ఓటు డెత్‌లో పర్సివరెన్స్, బ్లాక్‌లో డి మిస్టీరియీస్. మన దగ్గరివాళ్ళు కావాలంటే గాడ్‌లెస్ బ్యాండ్ వాళ్ళ స్టేట్స్ ఆఫ్ కేయాస్, 2021. హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్ళు. గ్రోల్‌లో మాట తెలుస్తుందా అనేవాళ్ళు అది వినండి.

మైక్‌సెట్_ఇజీనారం:

నాన్న కొత్తవలస ఫంక్షన్‌కి వెళ్ళిన టైం చూసి టెస్టు పెట్టేశాం. సోల్‌సైడ్ జర్నీ ముందు, బ్లేజ్ తర్వాత. అదే బాకా, అదే యాంప్లిఫయర్, నాబ్ ముట్టుకోలేదు.

రెండింట్లోనూ గొంతు వచ్చింది. సోల్‌సైడ్‌లో పోయింది గిటార్. కింద ఉండాల్సిన బరువంతా బాకా మింగేసింది, గ్రోల్ మాత్రం ఒంటరిగా, కొంచెం ముక్కుతో పాడుతున్నట్టు మిగిలింది. బ్లేజ్‌లో గొంతూ గిటారూ ఒకదానికొకటి అతుక్కుని వచ్చాయి. నా ఉద్దేశంలో నేను చెప్పింది ఇదే, బ్లాక్ మెటల్‌లో గొంతుని పాట నుంచి విడదీయలేం. బావ ఒప్పుకోడు. గొంతు గురించి కదా పందెం, గొంతు రెండింట్లోనూ ఉంది కదా అంటాడు.

పక్కింటి మావయ్య గోడ మీంచి తొంగి చూసి, "షార్ట్ సర్క్యూట్ ఏమైనా అయిందేటి" అని అడిగాడు. బ్లేజ్‌కే అడిగాడు, సోల్‌సైడ్‌కి అడగలేదు. అది ఎవరి ఖాతాలో వేయాలో తెలీడం లేదు.

కాంభోజి గారూ, బాక్సు ఎత్తించాను. పని చేసింది. పిల్లి గుర్రుమన్నంత వచ్చింది, దగ్గు రాలేదు. కానీ వాడికి ఆ సౌండ్ చాలలేదు, గెయిన్ (మైకు శబ్దం పెంచే నాబ్) పెంచమని నా ప్రాణం తీశాడు. పెంచాను. మైకు మళ్ళీ మూశాడు.

సెవెన్‌రోడ్స్_గ్రోలర్:

ఆ బావని నేనే. రెండు విషయాలు. ఒకటి, గెయిన్ పెంచలేదు, పెంచినట్టు నటించాడు. నాకు మిక్సర్ కనిపించదనుకున్నాడు. రెండు, పక్కింటాయన షార్ట్ సర్క్యూట్ అన్నది బ్లాక్ మెటల్‌ని, అది అందరూ రాసిపెట్టుకోండి.

బొబ్బిలి అన్నా, వైల్ డౌన్‌లోడ్ చేశాను. అక్కా, దగ్గు రాకుండా లోతుగా వెళ్ళాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? డెమిలిచ్ బ్యాండ్ ఆల్బమ్ నెస్పితే అంత లోతు కావాలి. గొంతుకి ఎఫెక్టులేమీ వాడలేదని ఆ ఆల్బమ్‌తో వచ్చే పుస్తకంలో వాళ్ళే రాసుకున్నారు, మరి త్రేన్పు లాంటి ఆ శబ్దం మనిషికి ఎలా వస్తుంది?

కాంభోజి_కోర్:

ముందు మైకు మీంచి చెయ్యి తీయండి. నెస్పితే సంగతి తర్వాత మాట్లాడుకుందాం.