రల్లీ పక్కన కుట్టినావిడ ఫోటో: గౌరవమా, అమ్మకం కిటుకా?

నేతచీర:
సింధ్‌లో థార్‌పార్కర్, ఉమర్‌కోట్ వైపు, ఇటు మన కచ్, జైసల్మేర్ పల్లెల్లో ఆడవాళ్లు పాతబట్టల ముక్కలతో కుట్టే బొంతలే రల్లీలు. ఈమధ్య ఎగ్జిబిషన్లలో రల్లీ పక్కనే ఒక పెద్ద ఫోటో వేలాడదీస్తున్నారు. ముడతల ముఖం, మోచేతి పైదాకా తెల్లగాజులు, తలమీంచి కప్పుకున్న ఎర్ర ఓఢనీ (ఓణీలాంటి గుడ్డ). కింద ‘ఎడారి మహిళ’ అని రాసి ఊరుకుంటారు. ఫోటోగ్రాఫర్ పేరు మాత్రం తప్పకుండా ఉంటుంది. నాకైతే నచ్చలేదు. మీరేమంటారు?

పాతకెమెరా:
ఫోటో లేకపోతే దాన్ని మిషన్ దుప్పటి ధరకే అడుగుతారండీ. ముఖం చూశాకే బేరం ఆగుతుంది. 1983లో రాజస్థాన్ దుమ్ముతుఫానులో ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ ఎర్రబట్టల ఆడవాళ్లని అమెరికన్ ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ తీశాడు. థార్ ఎడారి అంటే నాకు ఇప్పటికీ ఆ ఫోటోనే గుర్తొస్తుంది.

నేతచీర:
మెకరీ గుర్తున్నాడు. ఆ ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా చెప్పగలరా? ఆయనే 1984లో తీసిన అఫ్గాన్ అమ్మాయి ఫోటో మరుసటేడు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రమైంది. ఆమె షర్బత్ గులా అని లోకానికి తెలిసింది 2002లో!

కచ్‌కోడలు:
మా అత్తారిది భుజ్ దగ్గర పల్లె. ఇక్కడ రల్లీని ధడకీ అని కూడా అంటారు. అసలు ఒక్కరు కుట్టే వస్తువైతే కదా ఒక్కరి ఫోటో పెట్టడానికి! పైపొర ముక్కలు ఒకావిడ అతుకుతుంది. తర్వాత నేలమీద చాప పరిచి, అడుగున పాత అజ్రకో (అచ్చులద్దిన బట్ట) ఓఢనీయో వేసి, మధ్యలో చిరుగుబట్టలు పేర్చి, పైన ఆ పొర కప్పుతారు. ఇరుగుపొరుగు చుట్టూ చేరి లావుదారంతో వరసలు కుడతారు. మా ఆడపడుచు వరసలు దగ్గర దగ్గరగా పడతాయి, అత్తయ్యవి కాస్త వదులు. ఫోటోలవాళ్లు వస్తే ఎవరి ముఖం బాగా పడుతుందో వాళ్లనే కూర్చోబెడతారు. పెద్దల ముందు ముసుగు తీయని కోడలి ఫోటోకి మగవాళ్లు ‘తీసుకోండి’ అనేస్తారు. ఆమెను అడిగేదెవరు?

గుంటూరు గుమాస్తా:
పేరు రాస్తే సరిపోతుందా? అమెరికాలో అలబామా రాష్ట్రం గీస్ బెండ్ బొంతలు పేర్లతోనే మ్యూజియాలకెక్కాయి, 2006లో తపాలా బిళ్లలూ వచ్చాయి. అయినా 2007లో వాటిని కుట్టినవాళ్లలో కొందరు డబ్బు లెక్క తేలలేదని కోర్టుకెళ్లారు. ముందు కాగితం రాసుకోవాలి, పేరు సంగతి తర్వాత.

పాతకెమెరా:
పైగా ఫోటో కింద పేరూ ఊరూ వేస్తే ఎవరెవరో వెతుక్కుంటూ వెళ్తారు. అది ఆమెకే టెన్షన్.

కచ్‌కోడలు:
ఆ మాటేదో ఆమెనే అడగండి అన్నయ్యా. ముఖం వద్దు, చేతులు తీసుకోండి అనేవాళ్లూ ఉన్నారు. కనీసం ఒక కాపీ అయినా పంపండి. మా పక్కింటావిడ ఫోటో తీసుకెళ్లినవాళ్లు పంపలేదు, ఆవిడేమో నన్నడుగుతోంది.

పాతకెమెరా:
కాపీకి సరే. ప్రింట్ అమ్మకంలో వాటా అంటే మాత్రం కుదరదు, ఫ్రేమ్ ఖర్చే రాదు.

గుంటూరు గుమాస్తా:
ఖర్చు పోను మిగిలినదాంట్లోనే ఇవ్వండి. ఏమీ మిగలకపోతే ఆ లెక్కే కాగితం మీద చూపించండి.