వెనుక ముద్రను బట్టి పాత ఫొటో కాలం చెప్పవచ్చా?

ప్రశ్న (కందుకూరు నుంచి): నెల్లూరులో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర అట్టకు అంటించిన రెండు ఫొటోలు చూశాను. ఒకటి గోధుమ రంగు పెళ్లి ఫొటో. అట్ట వెనుక ‘ఒంగోలు, ప్రకాశం జిల్లా’ అని స్టూడియో ముద్ర ఉంది. రెండో దాంట్లో పంచె, నల్లకోటు వేసుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నారు. ముద్ర ‘కందుకూరు, నెల్లూరు జిల్లా’. రెండూ 1930 నాటివట, ఒక్కోటి మూడు వేలట. కొనవచ్చా?

జవాబు: పెళ్లి ఫొటోకు అంత పెట్టకండి. 1930లో ప్రకాశం జిల్లా ఎక్కడిదండీ! ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970 ఫిబ్రవరి 2న. ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది 1972లో. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో, 1904కు ముందైతే నెల్లూరు జిల్లాలో ఉండేది. పెళ్లి 1930లోనే జరిగి ఉండవచ్చు, కాదనను. కానీ మీ చేతికి వచ్చేది తర్వాత తీయించిన కాపీ. పెద్దవాళ్లు పోయాక గోడకు తగిలించుకోవడానికి పాత ఫొటోను స్టూడియోకు ఇచ్చి కాపీ తీయించడం మన ఇళ్లలో మామూలే. ఇక గోధుమ రంగంటారా, టోనింగుతో, అంటే ప్రింటును రసాయనంలో ముంచి రంగు మార్చడంతో, ఈరోజు కూడా తెప్పించవచ్చు.

రెండోదాన్ని వదలకండి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. అయితే రబ్బరు ముద్ర అరిగేదాకా ఏ స్టూడియో వారూ మార్చరు కనుక రెండు మూడేళ్లు అటూ ఇటూ అనుకోండి. పిన్‌కోడ్ ఉందేమో చూడండి, అవి 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఇంకో చిక్కు, 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిపారు. అందువల్ల ముద్ర ఒక్కదాన్నే నమ్ముకోలేం.

మరొకరు: దుకాణాల్లో నోట్లు పరీక్షించే లైటు ఉంటుంది కదా, చీకట్లో దాని కింద పెట్టండి. తెల్లదనం కోసం ఫొటో కాగితంలో కలిపే రసాయనం 1950ల నుంచి వాడుకలోకి వచ్చింది. అది ఉంటే కాగితం నీలంగా వెలుగుతుంది. వెలిగితే 1930 మాట అబద్ధం. వెలగనంత మాత్రాన పాతదని కాదు. భూతద్దంతో ముఖం చూడండి, సన్నటి చుక్కలు కనిపిస్తే అది అచ్చు యంత్రంలోనో కంప్యూటర్ ప్రింటర్‌లోనో వేసినది.

ప్రశ్న అడిగినవారు: పెద్దాయన ఫొటో చూసి వచ్చాను. వెలగలేదు. చుక్కలు లేవు, పిన్‌కోడూ లేదు. పక్కకు వంచితే మాత్రం అంచుల దగ్గర, కోటు నలుపు మీద వెండి పూత పూసినట్టు మెరుస్తోంది. పాడైపోయిందా?

జవాబు: అదే మంచి గుర్తు! పాత నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ ఏర్పడేది కాగితం మీది జెలటిన్ (జిగురు లాంటిది) పొరలోని వెండితోనే. ఆ వెండి ఏళ్ల తరబడి తేమకు, గాలికి పైకి తేలుతుంది. నల్లటి భాగాల్లోనే, అంచుల నుంచి మొదలవుతుంది. తుడవకండి. ఇది స్టూడియోలో కడిగిన అసలు ప్రింటే, 1970కి ముందుదని దాదాపు చెప్పవచ్చు. 1930 అనడానికి ఆధారమేమిటో అమ్మేవారినే చెప్పమనండి. చెప్పలేకపోతే వెయ్యి నుంచి బేరం మొదలుపెట్టండి.