పడమర రోడ్డు, 300 గజాల డూప్లెక్స్: ఎలివేషన్ ఖాయం చేసే ముందు ఏమేం మార్చాలె?

భీమారం_300గజాలు:
హన్మకొండ భీమారం దిక్కు 45×60 ప్లాటు, పడమర 40 ఫీట్ల రోడ్డు. పునాది, ప్లింత్ బీమ్ అయిపోయినయి, పిల్లర్లు లేస్తున్నయి, మొదటి స్లాబుకు సెంటరింగ్ ఇంకా కొట్టలె. 3డి ఎలివేషన్ (ఇంటి ముందు రూపం బొమ్మ) వచ్చింది: ముందర 20 ఫీట్ల ఎత్తు రెండు గుండ్రటి స్తంభాలు, మధ్యల 10×14 అద్దం, పక్కల గ్రానైట్ క్లాడింగ్, పిట్టగోడకు పీఓపీ నగిషీ, గేటుకు కాకతీయ తోరణం. మా గల్లీల ఇసుంటియి ఇప్పటికే నాలుగున్నయి, అన్నీ ఫంక్షన్ హాళ్ల లెక్క కొడుతున్నయి. ఇంట్ల పెద్దోళ్లేమో పాత భవంతి కళ రావాలంటున్నరు. ఖర్చు పెరగకుండ ఈ దశల ఏం మార్చొచ్చు? ప్లాన్ మళ్ల పెట్టాల్నా?

సైట్_ఇంజనీర్_కాజీపేట:
ముందు ఆ అద్దం సంగతి తేల్చండి. మనం 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. మే నెల సాయంత్రం నాలుగింటికి సూర్యుడు పడమట దాదాపు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సజ్జ వేసినా నీడ అడుగున్నర కూడా దిగదు, మిగతా పన్నెండున్నర అడుగుల అద్దం మీదా ఎండే. రంగు అద్దం వేస్తే వెలుతురు తగ్గుతుంది గానీ ఆ అద్దమే కాగి వేడిని లోపలికి వదులుతుంది. కర్టెన్ లోపల వేసుకుంటే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు. పడమటి ఎండను గోడ బయటే ఆపాలి.

దక్షిణం వైపు లెక్క వేరు. అదే రెండడుగుల సజ్జ డిసెంబరు మధ్యాహ్నం కూడా రెండుంబావు అడుగుల నీడ ఇస్తుంది, మార్చి చివరికి కిటికీ మొత్తం కప్పేస్తుంది. ఉత్తరానికి సజ్జ ఎందుకని చాలామంది మానేస్తారు. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు, మానొద్దు.

ఇక స్తంభాలు. 9 అంగుళాల కాలమ్‌ను మధ్యలో ఏ బీమూ పట్టకుండా 20 అడుగులు లేపితే ఎత్తును వెడల్పుతో భాగిస్తే 26 దాటుతుంది. కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఈ నిష్పత్తి 12 దాటితే అది పొడుగు కాలమ్, వంపుకు విడిగా లెక్క కట్టాలి. చుట్టూ ఇటుక పేర్చి 18 అంగుళాల గుండ్రం చేస్తే చూపుకు లావవుతుందే తప్ప లోపలి కాలమ్ బలపడదు. నా సలహా: ఆ రెండు పునాదులూ ఉన్నాయి కాబట్టి వాటి మీదే పోర్టికో స్లాబు పట్టండి. ముందు గోడ పొడవునా 8 అడుగుల లోతు, దాని పైన బాల్కనీ. కాలమ్‌లు పదడుగుల దగ్గర బీముతో కట్టుబడతాయి, హాలుకు నీడ దొరుకుతుంది, ఇంటి ముఖానికి అడ్డంగా ఒక బలమైన గీత వస్తుంది. కొత్త బరువుకు ఫుటింగ్ (కాలమ్ కింది పునాది) సరిపోతుందో లేదో మీ స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించాకే సెంటరింగ్ కొట్టించండి.

అనుమతి విషయం: మీది సుమారు 251 చదరపు మీటర్లు. తెలంగాణ భవన అనుమతుల చట్టం టీజీ-బీపాస్ కింద 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అందుకే తర్వాత తేడా దొరికితే బాధ్యతా మీదే. కిటికీ సైజు, నగిషీలతో ఇబ్బంది లేదు. పోర్టికో సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి) జరిగినా, స్లాబు విస్తీర్ణం మారినా సవరించిన ప్లాను పెట్టాల్సిందే.

మేస్త్రి_మానేరు:
అన్నా, ఇంజనీరు సారు చెప్పింది కరెక్టే. నేను పైపని సంగతి చెప్త. బయట పీఓపీ అస్సలు వద్దు. అది జిప్సం, రెండు వానాకాలాలు తడిస్తే మెత్తవడి పొట్టు లేస్తది. నగిషీ కావాల్నంటే జీఆర్‌సీ (గాజు నార కలిపిన సిమెంటు అచ్చులు) తెచ్చుకోండి, దాన్ని ఇటుకల ప్లగ్గు కొట్టి కాదు, కాంక్రీటుకు ఫాస్టెనర్ వేసి పట్టియ్యాలె.

గ్రానైట్: 20 ఎంఎం మందం 2×1 ఫీట్ల రాయి పది కిలోలు తూగుతది. కోసిన రాయి వెనక నున్నగుంటది, ఉత్త సిమెంటు పాలు దాన్ని పట్టదు. మూలలకు నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే మధ్యల బోలు ఉంటది, అండ్ల నీళ్లు చేరుతయి, పడమటి ఎండకు రాయి సాగుతది, ఊడుతది. గోడకూ రాయి వెనకకూ రెండు దిక్కుల పాలిమర్ అంటు పూయాలె, సందు 3 నుంచి 5 ఎంఎం విడవాలె. తలకంటె ఎత్తుల పెడితే స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపు లేకుండ పెట్టొద్దు, కింద పిల్లలు ఆడుకుంటరు.

అందరు మరిచేది గాడి. సజ్జ కింద, అంచుకు అంగుళం లోపల, 12 ఎంఎం వెడల్పు గాడి తీయించుండ్రి. అది లేకపోతే వాన నీళ్లు సజ్జ అడుగు పట్టుకొని గోడ మీదికొచ్చి నల్లటి చారలైతయి, ఎంత ఖరీదు రంగైనా ఏడాదిల ఖరాబు. పిట్టగోడ పైఅంచు వాలు లోపలికే ఉండాలె. పిల్లరు, ఇటుక కలిసే కాడ అటు నాలుగు ఇటు నాలుగు అంగుళాలు చికెన్ మెష్ (సన్న ఇనుప తీగల వల) కొట్టినంకనే ప్లాస్టరింగ్.

డంగుసున్నం:
భవంతి కళ అంటే పెద్దోళ్లు నగిషీ అడుగుతలేరు. అరుగు, మందమైన దర్వాజ, లోతట్టు కిటికీ, నడుమ ఆకాశం కనబడే జాగ, ఇవి అడుగుతున్నరు. పోర్టికో కింద ఒక దిక్కు అడుగున్నర ఎత్తు, మూడు ఫీట్ల వెడల్పు అరుగు కట్టి మీద తాండూరు బండ పరవండి. కిటికీ చౌకట్లను 9 అంగుళాల గోడకు లోపలి అంచున పెట్టించండి, ఆ లోతుకే నీడ పడి గోడకు అందం వస్తది.

డబుల్ హైట్ (రెండంతస్తుల ఎత్తు) హాలు బదులు 8×8 ఫీట్ల నడిమిల్లు, అంటే ఆ ఆకాశం కనబడే జాగ, పెట్టుకోవచ్చు. పైన పాలికార్బనేట్ షీటు మూసేస్తే పొయ్యి అయితది. షీటు కింద నాలుగు దిక్కుల అడుగున్నర ఖాళీ విడిచి జాలీ పెట్టండి. అంత జాగల గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే 300 లీటర్ల నీళ్లు. జల్లు లోపటికొచ్చినా తట్టుకునేటట్టు నేల ఆరంగుళాలు దించి, నాలుగంగుళాల పైపులు రెండు వేయండి. ఒకటి ఆకులతో మూసుకుపోతది, అందుకే రెండోది.

పెంకు పరవాల్నంటే వాలు 30 డిగ్రీలన్న ఉండాలె, అంటే ఆరు ఫీట్లకు మూడున్నర లేవాలె. తక్కువ వాలు స్లాబు మీద అతికించిన పెంకు జారుతది, సందుల్ల నీళ్లు నిలుస్తయి.

తోరణం మాత్రం వద్దనే అంట. ఓరుగల్లు కోట తోరణాలు గుడి ఆవరణకు నాలుగు దిక్కుల నిలబెట్టినవి. ఆ ఎత్తును 12 ఫీట్ల గేటు మీదికి కుదిస్తే దూలం లావు, కాళ్లు సన్నం అయితయి. పైగా దాని కింద నుంచి బోరు బండి పోదు. కాకతీయుల నుంచి తీసుకోవాల్నంటే రామప్ప చూరు తీసుకోండి. గోడలను దాటి ముందుకొచ్చిన లోతైన చూరు, దాని కింద మదనికలు, అంటే నాట్యగత్తెల శిల్పాలు. మదనికలు మీ ఇంటికెందుకు, చూరు చాలు.

భీమారం_300గజాలు:
అద్దం, తోరణం తీసేస్తున్న. బాల్కనీకి పడమర సగం సిమెంటు జాలీ కట్టాలనుకుంటున్న. ఊగుతదా?

మేస్త్రి_మానేరు:
ఉత్త జాలీ పేర్చుకుంట పోతే ఊగుతది. మూడు వరుసలకొక 8 ఎంఎం రాడు అడ్డంగ వేసి రెండు చివర్లు పిల్లర్ల దిగ్గొట్టుండ్రి. ఆరు ఫీట్ల వెడల్పు దాటితే నడుమ ఒక చిన్న నిలువు పోత పోయాలె. కింద వరుస కంటె ముందు నాలుగంగుళాల కట్ట కట్టుండ్రి, బాల్కనీ కడిగిన నీళ్లు జాలీల నుంచి ముందు గోడ మీదికి రావు. దోమల మెష్ జాలీకి కాదు, తలుపుకు పెట్టుకోండి, దుమ్ము దులపనీకి అందుతది.